నాయిన చెప్పిన ఎలుక కథ

వేడినీళ్లలో ముంచి పిండిన నూలుగుడ్డకు ఒక వాసన ఉంటుంది. పొద్దున్నే దాన్ని మడిచి చెవి కింద దవడకు ఆనించుకున్నానంటే, గద్వాలలో మా మగ్గాల ఇల్లు కళ్లముందు నిలబడుతుంది. నిద్రలో పళ్ళు నూరీ నూరీ దవడ కండరాలు బిగిసిపోయాయని పళ్ళ డాక్టరమ్మ చెప్పింది. పడుకునేటప్పుడు పెట్టుకోమని కొలత తీసి పళ్ళకు తొడుగు చేయించింది, కాపడం పెట్టుకోమంది, కొన్నాళ్లు మెత్తనివే తినమంది, పగలు కూడా పై పళ్ళు కింది పళ్ళకు తగలకుండా చూసుకోమంది. "ఎప్పటినుంచమ్మా ఈ అలవాటు?" అనడిగితే "ఈ మధ్యనే" అన్నాను. యాభై దాటినా నాకు ఆ సిగ్గు పోలేదు.

మా ఇంటికి ముందర ఒకటే పొడుగాటి అర్ర, అందులోనే గుంట మగ్గాలు, నూలు, పట్టు, మేము. ఎండాకాలం మధ్యాహ్నాలు, కృష్ణ దిక్కు నుంచి వచ్చే గాలి కూడా సెగలు కక్కే వేళ, నాయిన మగ్గం దిగి భుజం మీది తువ్వాల తడిపి నెత్తిన వేసుకునేవాడు, అమ్మ కండెలు చుట్టే రాట్నాన్ని గోడకు జరిపేది, అవ్వ కొంగు ముడి విప్పి వక్క తీసి బుగ్గన పెట్టుకునేది, బండల మీద నీళ్లు చల్లుకుని అందరం వరసగా ఒరిగేవాళ్లం.

మగ్గమున్న ఇంట్లో పాముకన్నా ఎలుకంటేనే భయం. గంజి పెట్టిన నూలు వాసనకు వచ్చి పక్కనున్న పట్టునూ కొరికేస్తుంది, ఆ పట్టేమో మాది కాదు, నేయమని షావుకారు ఇచ్చింది. నేను ఆరో తరగతి అయిపోగొట్టిన వేసవిలో ఒక మధ్యాహ్నం నాయినకు కరకరమని చప్పుడు వినబడిందట. దిగ్గున లేచి పక్కింటి ఖాసిం మామను కేకేశాడు. ఇద్దరూ కట్టెలు పట్టుకుని పట్టు కట్టలన్నీ అరుగు మీదికి మోశారు, మగ్గం గుంటల్లో వెతికారు, దూలాల మీద తట్టారు. చప్పుడు మాత్రం ఆగలేదు. ఆఖరికి ఖాసిం మామే నా పక్కన గొంతుకూర్చుని చెవి ఒగ్గి విన్నాడు.

"అన్నా, ఎలుక ఏడ్నో లేదు, నీ బిడ్డ నోట్లనె ఉన్నది!"

నేను కళ్లు తెరిచేసరికి చుట్టూ కట్టెలు, గడపలో ఇరుగుపొరుగు ఆడవాళ్లు, అందరికంటే గట్టిగా కడుపు పట్టుకుని నవ్వుతున్న నాయిన. లేచి వంటింట్లోకి పరుగెత్తి తలుపు చాటున నిలబడ్డాను.

నిద్రలో పళ్ళు కొరికితే కడుపులో పురుగులున్నట్టేనని అవ్వ తేల్చేసింది. తెల్లారే ముక్కు మూసి ఆముదం తాగించింది. ఒక పూటంతా దొడ్లోకి తిరగడమే మిగిలింది గానీ దవడ నొప్పి పోలేదు. పొద్దున లేస్తే నోరు సరిగా తెరుచుకునేది కాదు, జొన్నరొట్టె నమిలితే చెవిలోకి సలిపేది. అమ్మ పాత చీరముక్క వేడినీళ్లలో ముంచి కాపేది, నువ్వులనూనె రాసి బొటనవేలితో మెల్లగా రుద్దేది. పీర్ల పండుగకు ఖాసిం మామ ఇంటినుంచి వచ్చే, రొట్టె నలిపి బెల్లం కలిపిన మలీద, ఉగాదికి పాలలో నానేసిన భక్ష్యాలు, ఇవే నేను నొప్పి లేకుండా తిన్నవి.

నాయిన మాత్రం ఆ ఎలుకను వదల్లేదు. గోరంతను కొండంత చేసి చెప్పడంలో ఆయన్ను మించినవాళ్లు మా వీధిలో లేరు. దసరాకు చుట్టాలొచ్చినా, షావుకారు దుకాణం అరుగు మీద కూర్చున్నా, "మా ఇంట్ల ఎలుక పట్టు కొర్కదు, పండ్లు కొర్కుతది" అని మొదలుపెట్టేవాడు. అష్టాచెమ్మా ఆడే పిల్లలు నా కాయను కూడా ఎలుక అనే పిలిచేవాళ్లు. నాయినకు నేనంటే ప్రాణం, ముద్దుకే చెప్పేవాడు. నాకు మాత్రం తల కొట్టేసినట్టుండేది.

మరుసటి ఏడు బిజినేపల్లి దిక్కు ఒక ఆడపిల్లల హాస్టలు బడిలో నాకు సీటొచ్చింది. టీచరు కావాలని నాకు ఎంతో కోరిక. మా వీధినుంచి అట్లా చదువుకు పోయిన ఆడపిల్ల అప్పటికి లేదు. నాయిన రేకు పెట్టె కొని మూత మీద నా పేరు రాయించాడు. బయల్దేరే రోజు ఆ పెట్టె ఎత్తి భుజాన పెట్టుకుని పిలిచాడు.

"బస్సు టైమైతుంది, లెవ్వు బిడ్డా."

"నేను పోను నాయినా."

"ఏందే, ఏమైంది?"

"ఆడ అందరు ఒక్కతాననే పండుకుంటరంట. నీ లెక్కనే నవ్వుతరు."

నాయిన పెట్టె కింద పెట్టాడు. ఆయన మొహం అంతగా వాడిపోవడం నేనెన్నడూ చూడలేదు. "జర నా మాట ఇను బిడ్డా, ఇగ ఎన్నడు చెప్ప" అన్నాడు. అమ్మ బతిమాలింది, అవ్వ తిట్టింది, ఖాసిం మామ బస్సు ఆపి ఉంచుతానని ఉరికాడు. నేను గుంజ పట్టుకుని కదల్లేదు. బస్సు పోయింది, బడి సీటూ పోయింది. ఆ తర్వాత నాయిన ఆ కథ ఎత్తలేదు. ఎవరైనా అడిగితే లేచి పోయి మగ్గంలో కూర్చునేవాడు.

ఇప్పుడు ఆ అర్రలో మగ్గాలు లేవు. గుంటలు పూడ్చి తమ్ముడు నున్నటి టైల్స్ వేయించాడు, ఖాసిం మామ ఇల్లు చేతులు మారింది, మలీద పంపేవాళ్లు లేరు. నాయిన కన్నుమూసిన ఏడు, మంచాన ఉండి, నేను దవడ పట్టుకోవడం చూసి అడిగాడు. "ఆ దినం నేను నవ్వకుంటె నువ్వు సదువుకు పోతుంటివి గదా?"

"లే నాయినా, నాకే మనసు లేకుండె" అన్నాను.

ఆయన తలూపాడు గానీ నా మొహం చూడలేదు, నేనూ ఆయన మొహం చూడలేకపోయాను. ఆ కథ చెప్పడానికి ఇప్పుడు నేనే మిగిలాను. ఆయన చెప్పినట్టు నవ్వొచ్చేలా చెప్పడం నాకు రాదు.