పెదాలు కుదిరిన మాట

అమెరికా దయ్యాలంటే నాకు భయం లేదు, రోత. ఐదేళ్ళుగా వాటి చేత తెలుగు మాట్లాడిస్తున్నదాన్ని కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది. నరసరావుపేటలో మా ఇంటి వెనక గదిలో కూర్చుంటాను. పక్క వీధిలో మిరపకాయల బస్తాలు దించుతుంటే ఆ ఘాటు కిటికీలోంచి వచ్చి గొంతులో పడుతుంది. దగ్గుకుంటూ, ఎవరి పేగులు ఎవరు నములుతున్నారో కంప్యూటర్లో చూసి, దానికి సరిపడా తెలుగు రాస్తాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఈ పని పెట్టుకోకూడదని మొదటి వారంలోనే తెలిసొచ్చింది.

అంతకు ముందు ఇక్కడే ఒక జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పేదాన్ని. సంస్కృతం తీసుకుంటే మార్కులు రాలతాయని పిల్లలందరూ అటు పోయారు. సంస్కృతం రావాలని కాదు, మార్కులు రావాలని. చివరి ఏడాది నా క్లాసులో ఏడుగురు మిగిలారు, తర్వాత క్లాసే లేదు. హైదరాబాదులో డబ్బింగ్ స్టూడియోలో పనిచేసే పాత స్నేహితురాలు, నీ తెలుగు పనికొచ్చే చోటు ఇంకొకటుంది అని ఈ దారి చూపించింది. పద్యాలు చెప్పిన నోటితో వాంతుల చప్పుళ్ళకు అక్షరాలు వెతుక్కునే దారి అది. "వ్యాక్" అని రాయాలా, "వాఖ్" అని రాయాలా అని ఒక పూటంతా ఆలోచించిన రోజుంది.

నాకు ఎక్కువగా వచ్చేవి కథల గుత్తుల్లాంటి సినిమాలు. ఒకే సినిమాలో నాలుగైదు కథలు, ఒక్కో కథా అమెరికాలో ఒక్కో ప్రాంతపు జనం చెప్పుకునేది. ఒకచోట పైన్ చెట్ల అడవిలో గుర్రం తలా గబ్బిలం రెక్కలూ ఉన్న జంతువు. ఒకచోట బురద నేలల్లో దారి తప్పించే దీపం, అచ్చం మన కొరివి దయ్యమే. ఇంకొకచోట తోలు లేని ముసలమ్మ, నిద్రపోయేవాళ్ళ గుండెల మీద ఎక్కి కూర్చుని ఊపిరి తాగుతుంది. ఇవి విన్నప్పుడు మొదట్లో నాకు ఆశ పుట్టింది. ఎవరో నాయనమ్మ ఎవరో మనవరాలికి చెప్పిన కథలు కదా, ఎక్కడిదైనా నాయనమ్మ నాయనమ్మే అనుకున్నాను.

నాయనమ్మ కథ చెప్పిన తీరు ఆ సినిమాలు తీసేవాళ్ళకేమీ అక్కర్లేదు. ఏ రాష్ట్రపు ముసలమ్మయినా చేసే పని ఒకటే, నోరు తెరిచి నల్లటిదేదో కక్కడం. కక్కింది ఎవరో ఒకరి మొహం మీద పడాలి. వాడు అరవాలి. ఆ కథ చెప్పుకున్న మనుషులు దేనికి భయపడ్డారో, ఎవరిని పోగొట్టుకుని ఆ కథ అల్లుకున్నారో ఒక్క సీనులో కూడా ఉండదు. మిగతాదంతా రక్తం, చీము, జుట్టు. ఛీ అనుకుంటూనే రాశాను. అలవాటయ్యాక ఛీ అనుకోవడం కూడా మానేశాను. ఇప్పుడు తలచుకుంటే అదే ఎక్కువ అసహ్యంగా ఉంది.

మా పనిలో అర్థం కంటే ముందు పెదాలు. తెర మీద మనిషి మొహం దగ్గరగా కనబడుతున్నప్పుడు, అతని పెదాలు మూసుకున్న చోట మన మాటలోనూ ప, బ, మ లాంటి అక్షరం పడాలి. నోరు పెద్దగా తెరుచుకున్న చోట "ఆ" పడాలి. లేకపోతే మనిషి ఒకటి అంటుంటే గొంతు ఇంకొకటి అన్నట్టుంటుంది. దీన్నే పెదాలు కుదరడం అంటాం. పెదాలు కుదిరిన మాట దొరికితే ఆ రోజు గెలిచినట్టే. అది ఎలాంటి మాట అన్నది తర్వాతి సంగతి.

రెండేళ్ళ కిందట వచ్చిన సినిమాలో చివరి కథ ఒక నది ఒడ్డుది. పిల్లలతో సహా నీళ్ళలో పోయిన ఒకామె ఒడ్డున ఏడుస్తూ తిరుగుతుందనీ, దొరికిన వాళ్ళను లాక్కుపోతుందనీ అక్కడి జనం చెప్పుకుంటారట. సినిమాలో ఆమె ఏడవదు. ఉబ్బిపోయిన మొహంతో, నోటి నిండా బురదతో పాక్కుంటూ వచ్చి జనాన్ని పీక్కుతింటుంది. ఒకతను ఆమెను చూసి మూడుసార్లు పేరు పెట్టి అరుస్తాడు, మూడుసార్లూ మొహం దగ్గరగానే. ఆ ఇంగ్లీషు పేరులో మొదట పెదాలు మూసుకుంటాయి, మధ్యలో నోరు బాగా తెరుచుకుంటుంది, చివర పెదాలు ముడుచుకుంటాయి. నాలుగక్షరాలు. "దయ్యం" కుదరదు. "పిశాచం" పొట్టిది.

స్టూడియో నుంచి సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. "మేడం, దయ్యం, భూతం పాతబడిపోయాయి. మీ సైడ్ పల్లెటూళ్ళలో వాడే పదం ఏదన్నా పడేయండి. మన ఫ్లేవర్ రావాలి."

పడేశాను. పే-రం-టా-లు. తెర మీద అతను అరుస్తుంటే పక్కన నేను చదివి చూసుకున్నాను. పెదాలు ఎంత బాగా కుదిరాయంటే, అతను తెలుగులోనే అరిచాడా అనిపించింది.

ఆ మాట మా ఇంట్లో ఏమిటో చెప్పాలి. మా అత్తయ్యకు ఒక్కతే కూతురు, నా ఆడబిడ్డ. శావల్యాపురం దగ్గర ఊరికి ఇచ్చారు. నేను ఈ ఇంటికి కోడలిగా రాకముందే, ఆరో నెల కడుపుతో సాగర్ కాలవకు బట్టలుతకడానికి వెళ్ళి జారిపడింది. మెడలో తాళితో, చేతులకు గాజులతో పోయింది కాబట్టి ఇంటి పేరంటాలయింది. దేవుడి గూటి పక్కన గోడకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెడతాం. అదే ఆమె చోటు. ఏడాదికోసారి చీర పెడతాం, పెట్టిన చీర ఇంట్లో ఆడవాళ్ళే కడతాం. పోయిన నాటి నుంచి అత్తయ్య ఆమెను పేరు పెట్టి పిలవలేదు. "పేరంటాలికి పాలు పెట్టావా?" "ఊరికే కంగారు పడబాకే, పేరంటాలు చూసుకుంటది." పక్క ఊళ్ళో కాపురం చేసుకుంటున్న కూతురి గురించి మాట్లాడినట్టే ఉండేది.

రాసేటప్పుడు ఇదంతా గుర్తు రాలేదని చెప్పవచ్చు. అది అబద్ధం. గుర్తొచ్చింది. ఒక్క క్షణం వేళ్ళు ఆగాయి. ఇంగ్లీషు దయ్యాల సినిమా మా ఇంట్లో ఎవరు చూస్తారులే అనుకుని తర్వాతి లైనుకు పోయాను.

సినిమా వచ్చింది, పోయింది. ఆ అరుపు మాత్రం పోలేదు. దాన్ని ఎవరో కోసి రీలు చేశారు. పెళ్ళాం తలుపు తీస్తే "పేరంటాలు!" అని అరుపు. అత్తగారు ఆటో దిగితే "పేరంటాలు!" అని అరుపు. మా వీధిలో ట్యూషన్ పిల్లలు కూడా దాన్ని అరుచుకుంటూ సైకిళ్ళు తొక్కారు. అత్తయ్యకు చెముడు లేదు. వరండాలో కూర్చుని వినేది. నేను లోపల చెవులు మూసుకునేదాన్ని.

ఈ ఏడు మా అమ్మాయి పెళ్ళి కుదిరింది. పెళ్ళి పనులు మొదలుపెట్టే ముందు పేరంటాలికి చీర పెట్టి, ఆ చీర పెళ్ళికూతురు కట్టుకోవడం మా ఇంటి ఆనవాయితీ. అత్తయ్య ఎనభై ఏళ్ళ మోకాళ్ళతో షాపుకొచ్చి తనే ఏరింది. ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు. ఇంటికి రాగానే దాన్ని మనవరాలికి చూపించి, "పేరంటాలికి పెట్టినాక కట్టుకుని ఫొటో దిగవే, మీ మేనత్త మురిసిపోద్ది" అంది.

అమ్మాయి నా వెనకే గదిలోకి వచ్చింది.

"అమ్మా, నాకొద్దు. ఆఫీసులో అందరూ ఆ రీలే పంపుతున్నారు. పేరంటాలి చీరని తెలిస్తే ఎన్నాళ్ళు నవ్వుతారో. ఆ మొహం గుర్తొస్తే వాంతొస్తది నాకు."

"అది సినిమా. ఆమె మీ మేనత్త."

"ఆ పేరు పెట్టిందెవరు మరి? నువ్వేగా రాసింది!"

గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉంది. చేతిలో చీర మడత అలాగే ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో తెలియదు.

స్టూడియోకి ఫోన్ చేశాను. ఆ మాట మార్చమని అడిగాను. సూపర్‌వైజర్ నవ్వాడు. "అదే కదా మేడం హిట్టయింది! రెండో పార్టు తెలుగు టైటిలే అది. మీరే రాయాలి." మా ఇంట్లో నిజంగా ఒక మనిషి ఉంది, అది ఆమెను పిలుచుకునే మాట అని చెప్పబోయాను. పూర్తి చెయ్యనివ్వలేదు. "అయ్యబాబోయ్, రియల్ స్టోరీనా? రాసి పంపండి మేడం, ఇక్కడ మనవాళ్ళే తీస్తారు." ఫోన్ పెట్టేసి చేతులు సబ్బుతో కడుక్కున్నాను. ఫోన్లో మాట్లాడితే చేతులు ఎందుకు కడుక్కోవాలో నాకు తెలియదు, కడుక్కున్నాను. అతని మీద రోత అనుకున్నాను గానీ, ఆ మాట అతనికి అందించిన చెయ్యి నాదే.

మర్నాడు పదకొండింటికి అత్తయ్య నా గదిలోకి వచ్చి కుర్చీ లాక్కుంది. ఈ ఐదేళ్ళలో ఆ గదిలోకి ఆమె రావడం అదే మొదటిసారి.

"ఏమే, అదేదో చూపియ్యి."

"వద్దత్తయ్యా. అసహ్యంగా ఉంటది."

"చూపియ్యమంటంటే."

చివరి కథ పెట్టాను. ఇరవై నిమిషాలు కదలకుండా చూసింది. నేను తెర వైపు చూడలేక ఆమె మొహం చూస్తూ కూర్చున్నాను. ఉబ్బిన మొహం దగ్గరగా వచ్చినప్పుడు ఆమె ఇంకాస్త ముందుకు వంగి, కొంగుతో కళ్ళజోడు తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"నీళ్ళల్లో పోయినోళ్ళు అట్టాగే ఉంటారే. మూడో రోజు లాకుల కాడ దొరికినప్పుడు మా పిల్లా అట్టాగే ఉంది. నోట్లో మట్టి నేనే తీశా."

ఆ మాట ఆమె మామూలుగానే అంది. నేనే ఏడ్చాను. నేను ఛీ అనుకున్న అలాంటి మొహాన్నే ఆమె ఒళ్ళో పెట్టుకుని కడిగింది.

తెర మీద అతను మూడుసార్లు అరిచాడు. అత్తయ్య ప్రతిసారీ కళ్ళు మూసుకుంది. అయిపోయాక అడిగింది.

"ఆ తల్లికి ఆ దేశంలో ఎవరూ చీర పెట్టలేదా?"

"వాళ్ళకు ఆ అలవాటు లేదత్తయ్యా."

"అందుకే అట్టా తిరుగుతంది, చానా ఆకలి మీద." కుర్చీ వెనక్కి జరిపింది. "వాళ్ళకి తెలవదు పాపం. నీకు తెలుసు గదే."

లేచి వెళ్ళిపోయింది. తిడితే కాళ్ళు పట్టుకునేదాన్ని. ఆ వీలు కూడా ఇవ్వలేదు.

శుక్రవారం పొద్దున చీర పెట్టాం. మా అమ్మాయి తలంటుకుని, ఎవరూ చెప్పకుండానే వచ్చి పీట మీద కూర్చుంది. గోడకు పసుపు నేనే రాశాను. అత్తయ్య గోడ ముందు చీర ఉంచి, గాజులు పెట్టి, దండం పెట్టింది. ప్రతి ఏడూ ఆ చోట అనే మాట ఒకటుంది, "పేరంటాలమ్మా, పిల్లల్ని చల్లగా చూడు" అని. ఆ మాట కోసం మేమందరం చేతులు జోడించి ఎదురుచూశాం. అది బయటికి రాలేదు. నోరు తెరిచింది, మూసింది. బయట వీధిలో ఏ పిల్లలూ లేరు, ఏ ఫోనూ మోగలేదు. అయినా ఆమె ఆ మాట అనలేకపోయింది.

చివరికి కూతుర్ని పేరు పెట్టి పిలిచింది. నాకు పెళ్ళయి పాతికేళ్ళు దాటినా ఆ పేరు ఆమె నోట నేను వినడం అదే మొదటిసారి. ఒకసారి మెల్లగా అంది. రెండోసారి గట్టిగా పిలిచింది. మూడోసారికి గోడ మీది పసుపుకు రెండు చేతులూ ఆనించి, ఆ చేతులతోనే గుండెలు బాదుకుని, శవం ముందు కూర్చున్నట్టు శోకాలు పెట్టింది. "నన్నొదిలేసి పోయావా నా తల్లో" అంటూ ఏడుస్తుంటే మా అమ్మాయి పీట మీద నుంచి లేచి నాయనమ్మను పట్టుకుంది. పెళ్ళి పెట్టుకున్న ఇంట్లో ఆ ఏడుపేమిటని మా ఆయన పరిగెత్తుకొచ్చి, చూసి, గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

ఏడుపు వీధిలోకి వినబడింది. ఎదురింటి పిన్ని చేతిపని వదిలేసి వచ్చింది. వాకిట్లో చెప్పులు విడుస్తూ, గొంతు తగ్గించి నన్నడిగింది.

"ఏందమ్మాయ్, ఎవరన్నా పోయారా?"

నేను నా ఆడబిడ్డ పేరు చెప్పాను.