డాక్టరమ్మ కుడికాలు

మా డాక్టరమ్మ ఆపరేషన్‌కి కూర్చుంటే ముందు కుడికాలి చెప్పు విడిచేసేది. శుక్లం తీసే మెషిన్‌ని నడిపేది కాలికింది పెడలే. కాస్త నొక్కితే కంట్లోకి నీళ్లు వెళ్తాయి, ఇంకాస్త నొక్కితే పీలుస్తుంది, అడుగుదాకా నొక్కితే శుక్లాన్ని పొడి చేస్తుంది. వెంట్రుకవాసి ఎక్కువైతే లోపలి పొర చిరుగుతుంది. "పనంతా కాలిదే సిస్టర్, పేరు మాత్రం చేతులకి" అనేది.

ఇరవై రెండేళ్లు ఆ పెడల్‌ని ఆమె కాలికిందికి జరిపింది నేనే. అంగుళం అటూ ఇటూ అయితే చీవాట్లే. మొదట్లో ఆమెంటే ఒళ్లు మండేది. పోనుపోను ఆమె సెలవు పెడితే నాకు పొద్దు గడిచేది కాదు. పెళ్లి మాటెత్తితే, "రోజూ పదిమంది కళ్లల్లో కళ్లు పెట్టి చూస్తున్నా, ఇంకెవర్ని చూడాలి?" అని నవ్వేది.

ఆమెకి షుగర్ ఉందని అందరికీ తెలుసు. ఒకరోజు నాలుగో ఆపరేషన్ అయ్యాక పెడల్ తుడవబోతే నా చేతికి రక్తం అంటింది. వంగి చూస్తే ఆమె అరికాల్లో మందుసీసా గాజుముక్క దిగబడి ఉంది. ఆమె మాత్రం హాయిగా గ్లవ్స్ విప్పుకుంటోంది.

తర్వాతి పేషెంటు ఒక ముసలి దర్జీ. ఆయనకి ఒక కన్ను ఎప్పుడో పోయింది, ఉన్నదొక్కటే. నేను నోరు మెదపకపోతే ఆ కన్ను పోవచ్చు, మెదిపితే ఈమె పని పోతుంది. రెండు నిమిషాలు పిరికిదానిలా నిలబడ్డాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

"అమ్మా, ఒకసారి కాలు చూపించండి" అన్నాను.

గాజుముక్క తీసి కట్టు కట్టాను. ఆమె మొహం పాలిపోయింది.

"ఆర్నెల్లుగా మెషిన్ చప్పుడు మారడం విని నొక్కుతున్నా సిస్టర్. కాలి తిమ్మిరి సర్దుకుంటుందిలే అనుకున్నా."

ఆర్నెల్లు. కోపమొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది.

ఆమె స్టూలు మీద కూర్చుని కళ్లు మూసుకుంది. "సూది తీసుకుని బొటనవేలి కింద గుచ్చు. తగలగానే చెప్తా."

కాసేపటికి విసుక్కుంది. "కానివ్వు సిస్టర్, బయట ఆయన ఎదురుచూస్తున్నాడు."

"గుచ్చానమ్మా. మూడుసార్లు."

ఆమె కళ్లు తెరిచింది. తర్వాత లేచి, వేరే డాక్టర్ దగ్గరికి పంపిస్తానని దర్జీకి తనే చెప్పడానికి, ఆ గాయం కాలితో కొంచెం కూడా కుంటకుండా నడిచి వెళ్లింది.