మార్తమ్మ గాల్లో నిలబెట్టిన నౌక

బెంగళూరులో మా వీధిలో లేడీస్ పీజీ హాస్టల్ నడిపే మార్తమ్మ, అంగారక గ్రహానికి వెళ్తున్న ఒక నౌకను నలభైమంది ప్రయాణికులతో సహా ఆకాశంలోనే ఆపేసింది. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఎవరినైనా అడగండి. సరే, ఎవరినీ అడగకండి. నౌక ఒక కథలోది. తప్పు ఒప్పుకుంటే సగం పోతుందని మా కాన్వెంట్ సిస్టర్లు చెప్పేవారు కనుక సగమే ఒప్పుకుంటున్నాను. ఆపిన మాట మాత్రం నిజం.

మార్తమ్మది కుప్పం దగ్గర పల్లె. చిన్నవయసులోనే బొమ్మనహళ్ళి వచ్చి, గార్మెంట్స్‌లో చొక్కాలకు కాలర్లు కుట్టింది. అక్కడ అన్నాల వేళ ఒకామె వారపత్రిక సీరియల్ పైకి చదివితే మిగతావాళ్లు తింటూ వినేవారు. మెడనొప్పితో మిషన్ మానేసి పీజీ పెట్టినప్పుడు ఆ అలవాటును వెంట తెచ్చుకుంది. ఆదివారం భోజనాలయ్యాక అమ్మాయిలందరూ చాప మీద కూర్చుని, వారానికి సరిపడా కారప్పొడికి వెల్లుల్లి ఒలుస్తారు. ఒకరు కథ చదువుతారు. వెల్లుల్లి అయిపోగానే కథ ఎక్కడుంటే అక్కడే ఆగుతుంది. అందరూ చేతులు కడుక్కుని, ఆరేసిన బట్టలు తెచ్చుకోవడానికి మేడెక్కుతారు. అక్కడే రెండు పూటలా తినే ముసలివాణ్ణి కాబట్టి నాకివన్నీ తెలుసు.

ఆ పీజీలోనే ఉండే మేఘన సాఫ్ట్‌వేర్ టెస్టర్. వాన కావాలంటే ముందుగా బుక్ చేసుకోవలసిన బెంగళూరు గురించి కథ రాసింది. తన వంతు వాన కోసం ఏడాదంతా ఎదురుచూసిన ఒకావిడ, తీరా ఆ రోజు వచ్చాక దాన్ని పక్కింటివాళ్ల ఎండిన బోరుకు ఇచ్చేస్తుంది. ఊళ్లోని తెలుగు సైన్స్ ఫిక్షన్ మిత్రులు ఏటా ఇచ్చే ధూమకేతు బహుమతికి ఆ కథ చివరి ఐదింటిలోకి వచ్చింది. తేల్చేది సభ్యుల ఓట్లు. మార్తమ్మతో సహా పీజీ అంతా సభ్యత్వం తీసుకుంది. మేఘన గెలిచింది.

మర్నాడే గొడవ మొదలైంది. వైట్‌ఫీల్డ్ తేజస్ ఏళ్లుగా ఈ బహుమతి అంచుదాకా వచ్చి ఆగిపోతున్నవాడు. ఈసారి అతని అంగారక నౌక కథ కూడా ఆ ఐదింటిలో ఉంది. "ఇది హాస్టల్ ఓటు. ఐదు కథలూ చదివినవాళ్లే ఓటెయ్యాలని రూల్. వీళ్లు చదివారా?" అని మిత్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. సాయంత్రానికల్లా మేఘనకు దొంగ ఓట్ల రచయిత్రి అని పేరొచ్చేసింది. బహుమతి వెనక్కి తీసుకుంటే ఇక జన్మలో కథ రాయనని ఆ పిల్ల కంచం ముందు కూర్చుని చెప్పింది.

ఆదివారం కమిటీ అధ్యక్షుడు రామాంజనేయులు, తేజస్‌ను వెంటబెట్టుకుని విచారణకు పీజీకే వచ్చాడు.

"ఐదూ చదివారామ్మా?"

"చదివినాం సార్. ఒక పిల్ల చదివె, మేం వింటిమి," అంది మార్తమ్మ.

"అయితే నా నౌక చివరికి ఎక్కడ ల్యాండ్ అయింది ఆంటీ?" అన్నాడు తేజస్.

అమ్మాయిలు మార్తమ్మ వైపు చూశారు.

"దిగలేదప్పా. ఇంకా గాల్లోనే ఉండాది."

"అదేంటి?"

"నీ కథ శానా పొడుగు. సగంలోనే వెల్లుల్లి అయిపాయె."

తేజస్ సంచిలోంచి తన కథ తీసి పేజీలు లెక్కపెట్టాడు.

"మరి మేఘన కథ?" అన్నాడు అధ్యక్షుడు.

"దానికి వెల్లుల్లి సగం ఉండంగానే అందరి చేతులూ నిలిచిపాయె. ఆ వారం కారప్పొడే లేదు. ఈ పెద్దాయన్ని అడగండి, ఇడ్లీకి చక్కెర అద్దుకుని తిన్యాడు."

తిన్నాను. అలాగే సాక్ష్యం చెప్పాను.

"బాగుందమ్మా. కానీ అన్నీ పూర్తిగా చదవకుండా వేసిన ఓట్లు చెల్లవు."

మేఘన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "మార్స్ మీద దిగిందని చెప్పేస్తే పోయేది కదా ఆంటీ!"

"దిగిందో లేదో నాకేం తెలుసే? అబద్ధం చెప్పి గెలిపిస్తే, ఆ బహుమతిని నీ బల్ల మీద పెట్టుకుని ఇంకో కథ రాస్తావా నువ్వు?" అని మార్తమ్మ తేజస్ వైపు తిరిగింది. "కూర్చో అప్పా. తప్పు మాదే. మిగిలింది నువ్వే చదువు. ఓట్లు మళ్లా వేస్తాం."

లోపలికెళ్లి గంపెడు వెల్లుల్లి తెచ్చి చాప మీద గుమ్మరించింది. రామాంజనేయులు ముందూ ఒక గుప్పెడు పెట్టింది. ఆయనకు గోళ్లు లేక పళ్లతో ఒలిచాడు. పళ్ల సంగతి నేను కలిపింది.

తేజస్ మొదట కోర్టులో వాంగ్మూలంలా చదివాడు. నౌక దిగుతుంది. కిటికీలోంచి ఎర్రటి నేల కనిపిస్తుంది. ఇంతవరకూ ఎవరి అడుగూ పడని నేలను ఇంకొక్క పూట అలాగే ఉండనిద్దామని నలభైమందీ తలుపు తీయకుండా కూర్చుంటారు. అక్కడికొచ్చేసరికి అతని గొంతు తగ్గింది. తలెత్తి చూస్తే, ఒలవని వెల్లుల్లి పాయ పట్టుకుని మార్తమ్మ చెయ్యి గాల్లోనే ఉంది. ఆ చేతిని చూసుకుంటూనే ఆఖరి పేజీ ముగించాడు.

వెల్లుల్లి చేతులతో ఫోన్లు ముట్టుకోలేక అమ్మాయిలు చేతులెత్తి ఓటేశారు. బయటి సభ్యుల ఓట్లు కలిపినా మేఘనే గెలిచింది. పీజీలో తేజస్‌కు లేచినవి రెండే చేతులు.

"ఆంటీ! మీరు కూడానా?" అంది మేఘన.

"నువ్వెత్తలేదా?"

తేజస్ చెప్పులు వేసుకునేలోపే గ్రూపులో తన మాటలు తీసేశాడు. ఆ సోమవారం నాకు మళ్లీ ఇడ్లీకి చక్కెరే.

ఇదంతా రాసి మార్తమ్మకు చదివి వినిపించాను. పప్పు గరిటె ఆపకుండా వింది.

"ఒక్క ముక్క నిజం లేదు పెద్దాయనా. మా పీజీలో ఎవురూ కథలు చదవరు. వెల్లుల్లి అంగట్లో ఒలిచిపెట్టిందే కొంటాం."