బేరింగు మీది మసి

నాకు ఒకచోట కుదురుగా కూర్చునే గుణం మొదటి నుంచీ లేదు. చిత్తూరులో వేరుశనగ నూనె మిల్లులో పనిచేసిన రోజుల్లో అయితే మరీను. అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. మా యజమాని ఉన్న నూనె మిషన్లు చాలవన్నట్టు ఇంకొకటి తగిలించాడు. వాటిని నడిపే డీజిల్ ఇంజను పెద్దదే, ఆ బరువునూ లాగింది. కానీ నెల తిరక్కుండానే అడుగున టకటక మొదలైంది. విప్పి చూస్తే ఇంజను ఇరుసైన క్రాంక్‌షాఫ్టు కింది బేరింగు ఒకవైపు కరిగి జారిపోయి ఉంది. కొత్తది మద్రాసులో కూడా దొరకలేదు. పీలేరు వైపు నుంచి కొత్త వేరుశనగ కాయ బండ్లు దిగేలోగా ఇంజను అడుగు మేమే గట్టిపరచుకోవాలి.

ఆ ఇంజనుకు పెద్ద దిక్కు మా సాయిబు మేస్త్రి. ఆయన చేతికింద నేను ఆరేళ్లుగా ఫిట్టర్ని. పెళ్లయినవాణ్ణి, పని వచ్చినవాణ్ణి, ఇంకా ఎన్నాళ్లు ఈయన వెనకాల స్పానర్లు మోస్తూ తిరగాలని లోపల ఉడికిపోతుండేవాణ్ణి. లోహం కరిగించి బేరింగు పోత ఆయన పోశాడు. దాన్ని షాఫ్టుకు సరిపోయేలా గీకే పని నాకిచ్చాడు. ఇది కుదిరితే ఇంజనును నా చేతికి అప్పగించమని యజమానికి తానే చెబుతానన్నాడు.

షాఫ్టుకు ఆముదంలో కలిపిన దీపం మసి పల్చగా పూయాలి. బేరింగు తొడిగి, పెద్ద చక్రాన్ని చేత్తో తిప్పి, మళ్లీ ఊడదీయాలి. మసి అంటినచోట ఎత్తుగా ఉందన్నమాట. అక్కడ వెంట్రుకవాసి గీకి, మళ్లీ పూసి, మళ్లీ తొడగాలి. మచ్చలు బేరింగంతా పరుచుకునేదాకా ఇదే పని. బరువు అంతటా సమంగా ఆనకపోతే, ఆనిన ఒక్కచోటే కాగి కరిగిపోతుంది. నాలుగు రోజులు గీకాను. ఎడమ అంచున మాత్రం మచ్చ పడదు. యజమాని గంటకోసారి వచ్చి అయిందా అంటాడు. ఆయన్నూ, బేరింగునూ, మేస్త్రినీ అందరినీ తిట్టుకుంటూ షెడ్డులో తిరిగాను.

శుక్రవారం మధ్యాహ్నం మేస్త్రి నమాజుకు వెళ్లాడు. నేను వేలు మసిలో అద్ది, ఆ అంచు పొడుగునా చుక్కలు పెట్టేశాను. నాలుగు రోజుల పని నిమిషంలో అయిపోయింది.

ఆయన తిరిగొచ్చేసరికి యజమాని కూడా అక్కడే ఉన్నాడు. మేస్త్రి బేరింగును వెలుతురుకు తిప్పి చూశాడు. ఒక్కో చుక్కలో నా వేలి గీతలు సన్నగా తేలి ఉన్నాయి. అప్పటిదాకా అవి నా కంట పడనేలేదు. నా పని అయిపోయిందనుకున్నాను.

మచ్చలు అంతటా పడ్డాయి కదా, బిగించమన్నాడు యజమాని.

"ఇంకా రెండు దినాలు పడతాది సామీ," అన్నాడు మేస్త్రి. "గీకుడు తప్పు పోయినాది. సూసుకోవాల్సింది నేను. నా కండ్లు ఆనలే."

యజమాని విసుక్కుంటూ వెళ్లిపోయాడు. మేస్త్రి గుడ్డతో ఆ మసి తుడిచేసి, గీకే ఉలి నా చేతిలో పెట్టాడు.

"షాప్టుకు సేతివేళ్లు యాడుంటాయప్పా," అన్నాడు. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

రెండు రోజులు ఒళ్లు దగ్గర పెట్టుకుని గీకాను. ఆ ఏడు కాయంతా ఆడినా ఇంజను అడుగున చిన్న శబ్దం కూడా రాలేదు. బేరింగు పని ముగిశాక యజమాని నన్ను పిలిచి, ఇక ఇంజను నీదేనన్నాడు. సాయిబుకు చూపు తగ్గిందట, ఆయనే స్వయంగా ఒప్పుకున్నాడట, అందుకని పనిలోంచి తీసేశాడట. తప్పు నాదేనని ఒక్క మాట చెబితే సరిపోయేది. నేను చెప్పలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్లు, కాణిపాకం దారిలో ఎప్పుడు ఎదురుపడినా, అల్లంత దూరం నుంచే నన్ను గుర్తుపట్టి మేస్త్రే ముందుగా చెయ్యెత్తేవాడు.