వాపు రాని కాటు

ఉదయం తొమ్మిదింటికి ట్రక్కు మమ్మల్ని ఏటిగట్టు మీద దింపింది. ఎనభైల్లో మాట, ఆగస్టు నెల. ఎడమవైపు గోదావరి. కుడివైపు మునిగిన వరిచేలు. మధ్యలో మట్టిగట్టు, దాని మీద నాలుగు ఊళ్ళ జనం, గొడ్లు, కోళ్ళు, పాములు. పొడినేల అదొక్కటే మరి, పాము మాత్రం ఎక్కడికి పోతుంది?

మాది ఆర్మీ దళం, వరద సహాయం డ్యూటీ. రెండు రబ్బరు పడవలు, ఒక వైర్‌లెస్ సెట్టు, మూడు టార్పాలిన్లు, రెండు మందుల పెట్టెలు. నేను నర్సింగ్ అసిస్టెంట్‌ని. మా డాక్టరు కెప్టెన్ ఉత్తరాది మనిషి, తెలుగు ముక్క రాదు. నాది మండపేట. అందుకని మందిచ్చేదీ నేనే, మాట చెప్పేదీ నేనే. "మనోడేనంటరా!" అని జనం చుట్టూ మూగుతుంటే ఛాతీ ఉబ్బిపోయింది, నా బొంద.

కెప్టెన్ మొదటిరోజే చెప్పాడు. "గాటు చూసి తేల్చకు. కట్లపాము కరిస్తే వాపుండదు, నొప్పి ఉండదు. ఏదో కరిచిందని ఎవరొచ్చినా రోజంతా కళ్ళముందు కూర్చోబెట్టు. రెప్పలు వాలాయా, వెంటనే విరుగుడు మందు ఎక్కించు."

"యస్ సర్" అన్నాను.

నాలుగోరోజు ఉదయం, ఆరింటికి ఇంకా పది నిమిషాలుంది. సన్నటి జల్లు. లంకలో ఇళ్ళ కప్పులెక్కిన జనాన్ని తేవడానికి ఆరింటికి పడవ. కెప్టెన్ అప్పటికే ఎక్కి కూర్చున్నాడు. సూర్రావు అనే కౌలురైతు పెళ్ళాన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

"బాబుగారూ, తెల్లారగట్ల మా మంగనేదో కరిసిందండి. ఓసారి సూడండి."

మోచేతి కింద రెండు చుక్కలు. గుండుసూది గుచ్చినంత. వాపు లేదు. ఆవిడ నవ్వుతోంది. "చీమో ఏదోనండి. ఈయనకి కంగారెక్కువ."

గట్టు మీద వేపచెట్టు ఉంది. రెండాకులు దూసి నమలమన్నాను. చేదు తెలియకపోతే విషం ఎక్కినట్టు, తెలిస్తే లేనట్టు. అది మా అమ్మమ్మ పరీక్ష. మా ఊళ్ళో అందరూ చేసేదే. ఆర్మీలో ఇన్నేళ్ళ శిక్షణలో ఎవరూ ఆ మాట నేర్పలేదు. కానీ మనవాళ్ళ మధ్య నిలబడేసరికి అదే ముందు గుర్తొచ్చింది.

"చేదుగా ఉందా?"

"ఆయ్, ఇసమేనండీ బాబూ!" అని ఉమ్మేసింది. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను.

"ఏం కాదు, పోయి పడుకోమ్మా" అన్నాను.

పడవ నడిపే నాయక్ కేక వేశాడు. కెప్టెన్ అడిగాడు, "కేసేమైనా ఉందా?"

"ఏం లేదు సర్."

కూర్చోబెడితే నేనూ ఆగిపోవాలి, పడవ తప్పిపోతుంది. నిజం చెప్పాలంటే అదీ ఉంది.

పదకొండూ నలభైకి తిరిగొచ్చాం. సూర్రావు గట్టు వెంట పరిగెత్తుకొచ్చాడు. "నిద్రొత్తందంటే పడుకోమన్నానండి. ఇప్పుడు పలకట్లేదండి."

మంగను టార్పాలిన్ కింద పడుకోబెట్టారు. రెప్పలు వాలిపోయాయి. నోటి పక్కన చొంగ. ఊపిరి పైపైన. కానీ చెయ్యి పట్టుకుంటే ఒక వేలు కదిలించింది. స్పృహ ఉంది!

కెప్టెన్ ఉన్న మందంతా ఎక్కించాడు. నేను మూతికి మాస్క్ పెట్టి గాలి సంచి నొక్కుతున్నాను. ఆయన హిందీలో అరిచాడు, "ఇంతసేపూ ఏం చేశారో అడుగు."

అడిగాను.

సూర్రావు వింతగా చూశాడు. "అదేంటండి, పొద్దున్నే మీకే సూపించాం కదండి."

"ఏమంటున్నాడు?"

"ఇప్పుడే తెచ్చామంటున్నాడు సర్."

"వీళ్ళెప్పుడూ ఇంతే" అన్నాడు కెప్టెన్.

ఆ హిందీ సూర్రావుకు అర్థం కాలేదు. తన తరఫున ఏదో చెప్పాననుకుని నాకు చేతులు జోడించాడు. ఛీ, నేను సంచి నొక్కుతూనే ఉన్నాను.

పడవలో ఆస్పత్రికి తీసుకెళుతుంటే, ఒంటిగంట దాటాక పోయింది. వైర్‌లెస్ ఆపరేటర్ అడిగాడు, "కారణం ఏమని పంపను?"

"ఆలస్యంగా తెచ్చారని పంపు."

పంపాడు. రిజిస్టర్లోనూ అదే రాశాను.

వరద తీశాక మండపేటలో రెండు రోజులు సెలవిచ్చారు. వీధిలో వాళ్ళు దండలు వేశారు. ఎంతమందిని కాపాడావురా అని అడిగారు. చాలామందినే అన్నాను. ఇప్పుడు మీరూ అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నాను: ఒకావిడను నేనే చంపాను, ఆ తప్పు ఆవిడ మొగుడి మీద రాశాను.

ఆ మధ్యాహ్నం కెప్టెన్‌కి నేను అబద్ధం చెబుతున్నప్పుడు, సూర్రావు రెండు వేళ్ళతో ఆమె రెప్పలు పైకెత్తి పట్టుకున్నాడు. "మంగా, బాబుగారొచ్చేశారు, ఇంక బయం లేదు, సూడు" అంటున్నాడు. ఆ కళ్ళు పక్కకి తిరగలేదు. నన్నే చూశాయి. తర్వాత అతను వేళ్ళు తీసేశాడు, రెప్పలు వాటంతటవే పడిపోయాయి.