తలుపు కొక్కేనికి పాల సంచీ

మా వీధి నర్సమ్మగారు పోయారండి. శనివారం పొద్దున నేనే చూశాను. ప్రాణం మాత్రం గురువారం సాయంత్రమే పోయిందని డాక్టరుగారన్నారు. రోజున్నర పాటు ఆవిడ కుర్చీలో అలాగే ఉండిపోయారు. ఎవరికీ తెలియలేదు. బతికినన్నాళ్ళూ ఆవిడ భయపడింది దానికొక్కదానికే.

నేను రేపల్లెలో పాల ప్యాకెట్లు వేస్తాను. ఆవిడ పాలు రోజూ సంచీలో పెట్టి తలుపు కొక్కేనికి తగిలించేవాణ్ణి. చదివింది ఏడో తరగతి. అయినా ఆవిడ గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను.

వయసులో ఉండగా ఆవిడ ఇంగ్లండు వెళ్ళి, అక్కడి సర్కారు ఆసుపత్రిలో పాతికేళ్ళు పనిచేసి, తిరిగొచ్చాక మా వీధిలో ఒంటరిగా ఉండేవారు. పెద్ద యుద్ధం తర్వాత ఆ దేశంలో వైద్యం అందరికీ ఉచితం చేశారట. నర్సులు చాలక మనలాంటి దేశాల నుంచి పిలిపించారట. పిలిపించారే గానీ, అద్దెకు గది అడిగితే ఒంటి రంగు చూసి తలుపు వేసేవారట. "పగలంతా వాళ్ళ ఒళ్ళు తుడిచేదాన్ని. సాయంత్రమైతే వాళ్ళ గుమ్మంలో నిలబడనిచ్చేవాళ్ళు కాదయ్యా" అని నవ్వేవారు.

ఆవిడ చూస్తుండగానే అక్కడ ఇంటింటికీ టీవీలొచ్చాయి. ఆడవాళ్ళు ఉద్యోగాలకు వెళ్ళారు. పిల్లలు కొత్త ఊళ్ళకు మారిపోతే పాత వీధుల్లో ముసలివాళ్ళు మిగిలారు. వాళ్ళ గుమ్మంలోకి రోజూ వచ్చేది పాలవాడొక్కడే. నిన్న పెట్టిన పాల సీసా గుమ్మంలో అలాగే ఉంటే తలుపు కొట్టేవాడట.

"తర్వాత పెద్ద పెద్ద కొట్లొచ్చాయి తమ్ముడూ. అందరూ పాలు అక్కడే కొనుక్కున్నారు. పాలవాడు రావడం మానేశాడు. నా పేషెంటు ఒకావిడ పోయిన వారానికి గానీ ఎవరూ చూళ్ళేదు. అందుకే చెబుతున్నా, నా తలుపుకి సంచీ అలాగే వేలాడుతుంటే పిలువు. పలక్కపోతే తలుపు పగలగొట్టు."

"మీరు నాకంటే గట్టిగా ఉన్నారండి, అక్కయ్యగారూ!"

"వేళాకోళం కాదు. మాటివ్వు."

ఇచ్చాను.

మా అమ్మాయిని బాపట్లలో నర్సింగు చదివించమని నన్ను ఒప్పించింది ఆవిడే. "ముందు అరచేతులు రుద్దుకుని వెచ్చబెట్టుకో, అప్పుడు పేషెంటుని ముట్టుకో" అని దానికి నేర్పింది కూడా ఆవిడే. మొన్న తెనాలి ఆసుపత్రిలో చేరమని అమ్మాయికి కాగితం వచ్చింది. నా సంతోషం ఏమని చెప్పను! ఏడో తరగతి వాడి కూతురండి! వీధిలో కనబడిన వాళ్ళందరికీ ఆ కాగితం చూపించాను.

గురువారం అమ్మాయిని తెనాలిలో దింపడానికి బయలుదేరాను. మిగతా ఇళ్ళ పాలు మా బావమరిదికి అప్పజెప్పాను. అక్కయ్యగారు ఎదురుచూడకూడదని శుక్ర, శనివారాల ప్యాకెట్లు మాత్రం ముందే తెచ్చి, ఆవిడ ఫ్రిజ్‌లో నా చేత్తో పెట్టాను.

"ఏంటయ్యా ఈ హడావిడి! రైలు వెళ్ళిపోతుంది, పో. చేతులు వెచ్చబెట్టుకోమన్నానని చెప్పు" అన్నారు.

పాలు ఫ్రిజ్‌లో పెడితే తలుపుకి సంచీ ఉండదని ఆ సంబరంలో మా ఇద్దరికీ తట్టలేదు. శుక్రవారం మా బావమరిది ఆ గుమ్మం ముందు నుంచే వెళ్ళాడు. కొక్కేనికి సంచీ లేదు. ఉంటే కదా చూడ్డానికి! శనివారం తిరిగొచ్చి పిలిస్తే ఆవిడ పలకలేదు. నేను తలుపు తీయించేసరికి రెండు ప్యాకెట్లూ ఫ్రిజ్‌లో పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

అమ్మాయి రోజూ ఫోను చేసి కబుర్లు చెబుతుంది. సంతోషంగానే వింటాను. ఫోను పెట్టేశాక ఆ కబుర్లు ఎవరికి చెప్పాలో తెలియదు.

నిన్న పొద్దున అలవాటు కొద్దీ ఆ తలుపుకి సంచీ తగిలించి వచ్చేశాను. వీధి చివర గుర్తొచ్చింది. వెనక్కి వెళ్ళి తీయడానికి చెయ్యి రాలేదు. ఇవాళ వెళ్ళి చూస్తే అలాగే వేలాడుతోంది.

మాటిచ్చాను కదా. తలుపు కొట్టాను. "అక్కయ్యగారూ" అని పిలిచాను.