సీటు వెనక తుపాకీ

మౌంట్ రాస్కిల్ నుంచి టౌరంగా వెళ్తుంటే కొండదారిలో నా కారు ఆగిపోయింది. ఫోన్‌కి సిగ్నల్ లేదు. చివరికి ఒక ముసలావిడ తన ట్రక్కులో ఎక్కించుకుంది. తలుపు వేసుకున్నాకే చూశాను. నా వీపు వెనక పొడవాటి తుపాకీ, కాళ్ల దగ్గర చచ్చిన కుందేళ్లు రెండు. అంతవరకు తుపాకీ అంటే బ్యాంకు గుమ్మంలో గార్డు దగ్గర చూసిందే.

"గొర్రెలకి గడ్డి మిగల్చవివి" అంది ఆవిడ కుందేళ్లని చూపిస్తూ, నవ్వకుండా.

ఆవిడ చెయ్యి కోటు జేబులోకి వెళ్లినప్పుడల్లా నా చెయ్యి తలుపు పిడి మీదకి పోయేది.

పెట్రోల్ బంకు దగ్గర నేను దిగాక ఆవిడ జేబులోంచి ఒక ఇనప ముక్క తీసి చూపించింది.

"ఇది లేకపోతే ఆ తుపాకీ పేలదు. నువ్వెవరో తెలీదుగా, అందుకే ఎక్కకముందే తీసేశాను. దారంతా ఇది జేబులో ఉందో లేదో తడుముకుంటూనే ఉన్నాను."